తేర్చే చెట్టు

నైలు పొంగే నెలలో నీళ్లు
టీ రంగుకి తిరుగుతాయి.
కడవలో చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు.

సిత్తనా గడపలో కూచుని మునగగింజలు వలుస్తోంది.
తెల్లటి పప్పు. రోట్లో నాలుగు పోట్లు.
"ఎక్కువేస్తే చేదెక్కుతాయి."
ఎవరూ అడగలేదు, అయినా చెప్పింది.

పోయినేడు ఇదే నెల
మనవడు ముదస్సిర్‌కి రాత్రంతా వాంతులు.
తెల్లారేసరికి చర్మం గిల్లితే
గిల్లినట్టే ఉండిపోయింది.
పడవ దొరికింది కనక బతికాడు.
ఆ మాట మాత్రం చెప్పదు.
గరిటెతో గిరగిరా తిప్పుతుంది, ఆగుతుంది.

బురద మెల్లగా
పట్టుబడ్డ దొంగలా అడుక్కి కూలబడుతుంది.
పైతేట వంచి, గుడ్డలో వడగట్టి, మరగబెట్టి
చల్లారాక మట్టికూజాలోకి.

రాత్రికి జొన్నరొట్టె, ఎండుబెండ పులుసు,
ఆ చెట్టు ఆకే వేపుడు.
వాడు ఆకులేరి పక్కన పెడతాడు.
ఆమె చూడనట్టే చూసి మళ్లీ వడ్డిస్తుంది.

పొగిడి ఎక్కిస్తే పుటుక్కున విరుగుతుందని
మనం నవ్వుకునే చెట్టే.
ఇక్కడ దాని పేరు తేర్చే చెట్టు.

గ్లాసు దీపానికి అడ్డంగా ఎత్తి
ఒక కన్ను మూసి చూసింది.
నీళ్లకవతల
నాలిక బయటపెట్టి వెక్కిరిస్తూ
ముదస్సిర్.