పన్నెండో వెర్షన్

మొదటి వెర్షన్‌లో మబ్బుకి మీసాలు పెట్టాను.
నది నవ్వేది, చినుకులు చిటికెలేసేవి,
వెనకాల వేణువు ఓ క్షణం ఊరుకునేది కాదు.
బెంగళూరు హూడిలో, సగం లేచిన అపార్ట్‌మెంటు కింద
రేకుల షెడ్డు బడిలో చూపిస్తే
పిల్లలకి మీసాలొక్కటే గుర్తున్నాయి.

తీసేశాను. మీసాలు, నవ్వు, వేణువు.
తెర మీద రాసిందే మళ్లీ చదివే నా గొంతు కూడా.
బాణం గుర్తొకటి మిగిల్చి
పక్కన ఆపే బటన్ పెట్టాను, బొటనవేలంత.

సుంకమ్మ ఆపింది.
సముద్రం మీంచి ఆవిరి లేచే చోట.
మూడుసార్లు వెనక్కి జరిపి, మళ్లీ అక్కడే.
సముద్రం తనెప్పుడూ చూడలేదు.

"పొద్దున మాయమ్మ కొత్త గోడకి నీళ్లు కొడతాది.
మద్దేనానికి ఉండవు.
గోడే తాగేసిందనుకుంటిన్నా.
ఈడికేనా అవి పోయేది?"

పైన శ్లాబు మీద
గోనెపట్టాలు ఆరుతున్నాయి.

రాత్రి ఫైలు తెరిచి సముద్రాన్ని చెరిపేశాను,
నాలుగు రోజులు కూచుని చేసిన అలలతో సహా.
ఆ చోట గోడ గీస్తున్నా.
తడి సిమెంటు రంగు
ఇంకా కుదరడం లేదు.