పన్నెండో జత

పరిశుద్ధ గురువారం సాయంత్రం,
కాశిబుగ్గ సందులో మా చర్చి.
గేటు మీద ఫ్లెక్సీలో నేను,
సిలువ కంటే మూరెడు ఎత్తున.
పెట్టమని నేను అడగలేదు.
వద్దని కూడా అనలేదు.

పన్నెండు కుర్చీలు. జాబితా నేనే రాశాను:
ట్రెజరర్ జ్ఞానరత్నం, రిటైరైన తహశీల్దారు,
కొత్త మైకు కొనిచ్చిన కాంట్రాక్టరు,
ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని
ఉతికిన సాక్సుల్లో వచ్చిన కాళ్ళు.
ఇత్తడి పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు,
అత్తరు రెండు చుక్కలు.
ఫొటో శౌరి చెప్పాడు:
"పాదం పట్టుకుని ఒక్క క్షణం ఆగండి అయ్యగారూ,
తల కొంచెం నా దిక్కు."
ఆగాను.
పదకొండు సార్లు ఆగాను.

కాంట్రాక్టరు రాలేదు.
ఎవరినైనా కూర్చోబెట్టండన్నాను.
చెప్పుల దగ్గర నిలబడ్డ ముసలామెను
చెయ్యి పట్టి తెచ్చారు.
ఎనుమాముల యార్డు నుంచి నేరుగా వచ్చిందట,
పొద్దంతా తేజ మిర్చి కుప్పల నడుమ
తొడిమెలు తీసి.
మడమల పగుళ్ళ నిండా ఎర్రటి పొడి.
"నీ పేరేందమ్మా?"
"కొమురవ్వ. మీరే మార్చిండ్రు గదయ్యా,
ప్రిస్కిల్ల అని."

మైకు ఆన్‌లోనే ఉంది.

కడిగాను, తొందర తొందరగా,
వానలో రోడ్డు దాటుతున్నట్టు.
నీళ్ళు ఇటుక రంగు తిరిగాయి.
నుదుటి చెమట కళ్ళలోకి జారితే
ఆ చేతులతోనే తుడుచుకున్నాను.

నిప్పు!
ఇరవై ఏళ్ళుగా నరకం గురించి ప్రసంగించాను గాని
ఇంత వివరంగా ఎన్నడూ చెప్పలేకపోయాను.
కన్నీళ్ళు ధారలు కట్టాయి, ముక్కు కారింది,
ఆమె కాళ్ళ ముందే కూలబడ్డాను.

వెనక వరసల్లో "స్తోత్రం" లేచింది.
"ఎంత విరిగి నలిగిన హృదయం!"
జ్ఞానరత్నం గొంతు వణికింది.
స్త్రీల వైపు వెక్కిళ్ళు.
ఒకటి దాచను.
ఆ మంటలో, కళ్ళు తెరవలేని ఆ మంటలో కూడా
తల కొంచెం
శౌరి దిక్కు తిప్పాను.

ఆమె ఒక్కతే వంగింది.
నా మణికట్టు పట్టుకుని
మైకుకు అందనంత మెల్లగా,
"నీళ్ళు కొట్టకు బిడ్డా, ఇంకింత మండుతది.
పెరుగు రాయాలె. చేతులకు నూనె.
మాకు రోజూ ఉండేదే."
కొంగులో కారం తగలని కొస వెతికి
నా కళ్ళొత్తింది.
అది ఏ ఫొటోలోనూ లేదు.

ఈస్టరుకు కొత్త ఫ్లెక్సీ వచ్చింది.
నా తడి ముఖం, కింద పెద్దక్షరాల్లో
"తగ్గింపు గల దైవజనుడు".
నాలుగు రోజులు దాని కిందనుంచే
తల వంచుకుని లోపలికి పోయాను,
చూసేవాళ్ళకు అదీ తగ్గింపే.
అయిదో రోజు పక్కింటి నిచ్చెన అడిగి తెచ్చి
తీగలు నేనే తెంపాను.
చుట్ట చుడుతుంటే కొమురవ్వ ఎదురైంది.
"పారేస్తరా అయ్యా? నాకియ్యుండ్రి,
యార్డుల కిందేసుకుంట."

ఒకసారి పోయి చూశాను.
నా నుదుటి మీద కూర్చుని
తొడిమెలు తీస్తోంది.
చెంపల నిండా మిరపకాయలు.
తల ఎత్తి అడిగింది:
"కండ్లు నయమైనయా?"

ఇంకా లేదన్నాను.