తెల్లపొడి

కొరున్యా బయటి రేవులో నవంబరు.
గోడ అవతల అట్లాంటిక్
రాత్రంతా నిద్రపోని పొరుగింటి మనిషిలా
గోడను గుద్దుతూనే ఉంది.

సబేలా ఔతెయిరో చేతి తొడుగులు విప్పింది.
తాడును వట్టి అరచేత్తోనే చూడాలంటుంది,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.
గరుగ్గా ఉందా, మెత్తబడిందా,
ఎక్కడైనా గాజులా బిగుసుకుందా.
బిగుసుకుందంటే, డ్రమ్ము మీద ఎప్పుడో జారి,
రాపిడికి కరిగి,
ఎవరికీ చెప్పకుండా చల్లారిందన్నమాట.

మొక్కజొన్న తెచ్చిన ఓడ.
చీఫ్ మేట్ తెంగిజ్, బతూమి మనిషి,
చంకలో ఫైలుతో పక్కనే నిలబడ్డాడు.
"సర్టిఫికెట్‌కి ఇంకా రెండేళ్లుంది."
"అయితే ఓడను సర్టిఫికెట్‌తో కట్టుకో."

కొయ్య ములుకు పేటల మధ్య దూర్చి
పురి వదులు చేసింది.
లోపల తెల్లపొడి.

ఈ తీరంలో తెల్లపొడి అంటే
పోలీసులు పడవలేసుకొని వస్తారు.
ఇది అది కాదు.
పోగు మీద పోగు తిరగలి తిరిగి
లోలోపల రాలిన పిండి.
పైన నలుపూ నిగనిగా అలాగే ఉన్నాయి.

ఫోను. ఆఫీసు నుంచి ఫెర్మిన్.
కొత్తవి కొనాలి, ఏది చవక అని.
ఆమె ధర చెప్పదు, గుణాలు చెబుతుంది.
పాలీప్రొపిలీన్ తేలుతుంది, కానీ ఎండకు ఆగదు.
పాలిస్టర్ నెమ్మది, తడిసినా బలం తగ్గదు, బరువెక్కువ.
నైలాన్ సాగుతుంది, అలను ఓర్చుకుంటుంది,
ఓర్పు అయిపోయిన రోజు మాత్రం...
ఆ వాక్యం ఆమె ఎప్పుడూ పూర్తి చెయ్యదు.
ఇక ఆ కొత్త రకం, ఉక్కుకు సాటి,
ఇద్దరు కుర్రాళ్లు భుజానేసుకుపోయేంత తేలిక,
సాగమంటే సాగదు.
చివర పదకొండు మీటర్ల నైలాన్ తోక తగిలించి
దానికి ఓపిక నేర్పాలి.

"ఇంతకీ ఏది?"
"గోడ అవతల ఏముందో చూసి కొను.
ఒకే పనికి రెండు రకాలు కలపకు.
సాగనిది బరువంతా మోస్తుంది,
సాగేది పక్కన నిలబడి చూస్తుంది."
ఫెర్మిన్ ఏదో రాసుకున్నాడు. బహుశా ధరే.

తెగేదాకా లాగొద్దని మనుషులకు చెప్పొచ్చు.
ఇక్కడ లాగేది అల.
అన్ని వేల టన్నుల ఇనుమును
రెండు మీటర్లు ముందుకు, రెండు మీటర్లు వెనక్కి,
ఊయల ఊపినంత తీరిగ్గా.

మసకలో తాడును చూసి పామనుకోవడం
భ్రమ అన్నారు పెద్దలు.
వాళ్లు ఓడ డెక్ మీద నిలబడి ఉండరు.
ఒకప్పుడు ఇక్కడ పసుపు గీత గీసి
లోపల నిలబడకండి అనేవారు.
బల్దొమేరో గీత బయటే నిలబడ్డాడు.
ఇప్పుడు గీతలు చెరిపేశారు.
డెక్ అంతా గీత లోపలే.

"పారెయ్యను, స్పేర్‌గా ఉంచుకుంటా," అన్నాడు తెంగిజ్.
"ఉంచితే, ఏదో ఒక రాత్రి
నిద్రమత్తులో ఎవడో తీసి కడతాడు."
కత్తి అందుకుంది.
రెండో ముక్కకు అతనే ఇటు కొస పట్టుకున్నాడు,
ఫైలు తడి డెక్ మీద పెట్టేసి.

మిగతావాటిని తిరగేసి కట్టమంది,
డ్రమ్ములో దాగిన కొస ఇక నీటివైపు.
ఇసుకనూ ఉప్పునూ మంచినీళ్లతో కడగమంది.
ఎండకు కప్పమంది.
తాడు ఒరుసుకునే ఇనుప అంచు తుప్పు తోమి,
"నీ చెంప ఆనించేంత నున్నగా," అంది.
అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఒడ్డున ఎలాదియో ఒక ముక్క అడిగాడు,
ఆల్చిప్పలు పెంచే తెప్పకట.
తొడంత లావు తాడు, తెప్ప కంటే బరువు.
వద్దన్నా మోసుకుపోయాడు,
దారంతా ఆగి ఆగి.

రాత్రి రెండింటికి తెంగిజ్ సందేశం:
"అల పెరిగింది. కొత్త తాడు కిర్రుమంటోంది."

లైటు వెయ్యకుండానే జవాబు కొట్టింది:
"కిర్రుమననీ. వించి ఆపరేటర్‌ని లేపు.
దగ్గరికెళ్లి వినకు."