వడిసెల

తెల్లారగట్ల నాలుగున్నరకి రన్‌వే మంచుతో తడిసి ఉంటుంది.
జీపు దిగి టపాకాయ వెలిగిస్తాను.
కొంగలు లేస్తాయి, గోరింకలు లేస్తాయి.
రెండు గద్దలు మాత్రం నన్నెరిగిన చుట్టాల్లా
కాస్త ఎగిరి మళ్ళీ అక్కడే వాలతాయి.
పిట్టల్ని తోలడం నా ఉద్యోగం.
మెడలో కార్డు కూడా ఉంది.

ఇక్కడే, గన్నవరం పొలిమేరలో
పేరయ్య తాత మంచె ఉండేదట.
జొన్న కంకి పాలుపోసుకునే వేళకి
వడిసెల తిప్పి ఓహోయ్ అని కేకేస్తే
ఏలూరు కాలువ అవతలి గట్టున
బర్రెలు తలెత్తి చూసేవని
నాంచారమ్మ మామ్మ చెప్పేది.
కొంచెం కల్పించే చెప్పేది.

యుద్ధం ఎక్కడో బర్మాలో.
మా ఊళ్ళోకి అది కాగితమై వచ్చింది.
"మిలిటరీ అవసరార్థం" అని పైకి చదివి
కరణంగారు కళ్ళజోడు తుడుచుకున్నారు, అంతే.
కోతకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.
ఆ పద్దెనిమిది రోజులు ఆగమని అడగడానికి
తాత బెజవాడ దాకా నడిచి వెళ్ళాడు.
తిరిగొచ్చేసరికి రోలరు తిరిగింది.
ఊరంతా పచ్చి జొన్నపాల వాసన.

తర్వాత తెల్లసోల్జర్లు.
చెడ్డవాళ్ళేం కాదురా అనేది మామ్మ.
ఒకడు పిల్లలకి బిస్కెట్లు పంచేవాడట,
ఒకడు పొద్దుగూకితే మౌతార్గాను వాయిస్తూ ఏడ్చేవాడట.
అయితే, అర్ధణాకి రెండొచ్చే గుడ్లు
బేడకి ఒకటయ్యాయి.
కోళ్ళు మావే. గుడ్లు క్యాంపుకి.
రాత్రి కిటికీలో దీపం కనబడితే ఈల వేసేవాళ్ళు.
మా నాన్న ఆ చీకట్లోనే పుట్టాడు.
మంత్రసాని చేత్తో తడిమి
మగపిల్లాడని చెప్పింది.

మామ్మ చెల్లెలు దానమ్మ
వాళ్ళ బట్టలుతకడానికి వెళ్ళేది.
నెలకి ఆరు రూపాయలు తెచ్చేది, ఇంటిల్లిపాదీ తిన్నారు.
ఆ తర్వాత ఏమైందంటే
మామ్మ వక్క కొరికి
వాన గురించి మాట్లాడేది.
నేను రెండుసార్లే అడిగాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. తారు ఉండిపోయింది.
కొన్నాళ్ళు దానిమీద మిరపకాయలు ఆరబోశారు,
నల్లటి తారు కదా, రెండు రోజుల్లో గలగలలాడేవి.
జెండా మారాక పొలం తిరిగొస్తుందని
తాత అర్జీ మీద అర్జీ వేలిముద్ర వేశాడు.
ఆ బొటనవేలి నీలం
చనిపోయిన రోజు కడిగినా పోలేదు.
ఇదైతే మామ్మ కల్పించింది కాదు. మా నాన్న చూశాడు.

నిన్న కొత్త సూపర్‌వైజరు అడిగాడు:
గడ్డి కోయించాం, పురుగుమందు కొట్టించాం,
గింజ లేదు, నీటి చుక్క లేదు,
అయినా ఇవి ఎందుకొస్తాయి ఇక్కడికి?
తెలీదు సార్ అన్నాను.

టపాకాయలు అయిపోయిన రోజు
జీపు డ్రైవరు నిద్రలో ఉన్నాడని చూసుకుని
నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి
ఓహోయ్ అంటాను.
అవతల బర్రెలెక్కడివి, అన్నీ అపార్ట్‌మెంట్లే.
ఇవాళ మాత్రం
నాలుగో అంతస్తులో ఎవరో
లైటు వేశారు.