ఎనిమిది చుక్కలు

ముఖంకన్నా గొంతే ఎక్కువ తెలుసు నాకు.
ముగ్గురం ఎక్కే ఆ గుడ్డరెక్కల విమానంలో
ముందు అతను, నడుమ పటాలతో క్వెయిల్,
చివర నేను, తోకవైపు తిరిగి,
ఒళ్ళో వైర్‌లెస్, చేతికందేలా తుపాకీ.
అతను రాబోయే సముద్రాన్ని చూసేవాడు.
నేను అయిపోయిన సముద్రాన్ని.

డెన్‌జిల్ ట్రెగెన్నా.
కేంబ్రిడ్జిలో చదువు సగంలో వదిలి వచ్చినవాడు.
నేను గ్రిమ్స్‌బీ చేపల రేవులో
ఐసుదిమ్మలు మోసి వచ్చినవాణ్ణి.
ఇద్దరిదీ ఒకటే భాష అంటారు గానీ
మొదటి నెల అతనన్నది నాకూ, నేనన్నది అతనికీ
మూడుసార్లు చెబితేగాని ఎక్కలేదు.

ఓర్క్నీలో, గాలి మనిషిని నిలబడనివ్వని మధ్యాహ్నాలు
షెడ్డులో చీపురుకర్ర పట్టించి
క్రికెట్ నేర్పాడు నాకు.
గుడ్డపీలికల బంతి. వికెట్లకి బదులు పెట్రోలు డబ్బా.
నేను ప్రతిదాన్నీ బాదబోయేవాణ్ణి.
"కొట్టడం ఎవడైనా కొడతాడు, పాడ్జెట్.
వదిలెయ్యడం నేర్చుకో."
బంతి వస్తుంది, ఆశ పెడుతుంది,
నువ్వు చేతులు పైకి తీసుకుని
పక్కనుంచి పోనిస్తావు,
పోతూపోతూ అది నీ పక్కటెముకల్ని పలకరించినా సరే.
నాకు నవ్వొచ్చింది.
చెయ్యకపోవడం కూడా ఒక విద్యేనా?

తర్వాత, బాగా ఉత్తరాన,
రష్యా వెళ్ళే ఓడలకి కాపలా కాస్తూ
ఆ విద్య చూశాను. వీపుతో చూశాను.
పైకి తేలిన జలాంతర్గామి మామీద నిప్పులు చిమ్ముతోంది.
మా వేగం గంటకి తొంభై మైళ్ళు, సైకిలుకన్నా కాస్త నయం.
అతను కుడికి వంచలేదు, ఎడమకి వంచలేదు.
రెక్కల మధ్య తీగల్లోంచి దూరి
నిప్పుకణికలు నన్ను దాటి తోకవైపు పోతుంటే
మాటల గొట్టంలో అతని గొంతు:
"వదిలేశా."
కాసేపాగి,
"అదీ వదిలేశా."
క్వెయిల్ ప్రార్థిస్తున్నాడో తిడుతున్నాడో తెలియలేదు.

మా ఓడమీద ఇంకో బ్యాట్స్‌మన్ ఉండేవాడు.
నౌకాదళంలో ఆ ఉద్యోగం పేరే అది.
డెక్కు అంచున రెండు చేతులా రెండు బ్యాట్లు పట్టుకుని
దిగే విమానానికి ఎత్తు చెప్పేవాడు.
"రెండు బ్యాట్లున్నాయి, బంతేదీ?" అన్నాను.
"మనమేగా" అన్నాడు ట్రెగెన్నా.

ఫిబ్రవరి. మధ్యాహ్నం రెండింటికే పొద్దు గూకింది.
మంచుతెర. డెక్కు లేస్తోంది, కుంగుతోంది.
మొదటిసారి బ్యాట్లు అడ్డంగా ఊగాయి: వద్దు, పో.
రెండోసారీ అంతే.
మూడోసారి తర్వాత నాలుగోదానికి పెట్రోలు లేదు.
అది వదిలెయ్యడానికి వీల్లేని బంతి.
నాకు కనబడింది మా తోక,
దాని వెనక ఓడ గీసిన తెల్లటి నురగదారి,
అది పక్కకి ఒరగడం.

డిస్ట్రాయర్ వాళ్ళు కొక్కెం వేసి లాగారు నన్ను.
క్వెయిల్‌ని కూడా లాగారు, గంట బతికాడు.
అతన్ని వెతికారు.

యుద్ధం అయ్యాక మళ్ళీ రేవులోనే పని.
ఒక సెలవురోజు రైలెక్కి కేంబ్రిడ్జి వెళ్ళాను.
పెవిలియన్ తాళాలు చూసే విబ్లిన్ అనే ముసలాయన
ముందు చేతులు కడుక్కుని రమ్మన్నాడు.
చేప వాసన వేసిందేమో.
ముప్ఫైతొమ్మిది నాటి స్కోరు పుస్తకం తీశాడు.
ట్రెగెన్నా, డి. పదిహేడు.
పదిహేడే!
ఇంత దూరం వచ్చినందుకు సిగ్గేసింది.
"రెండున్నర గంటలు నిలబడ్డాడు,
ఆ రోజు ఓడిపోకుండా ఆపింది ఆ కుర్రాడే" అన్నాడు విబ్లిన్.
"వదిలేసిన బంతికి ఏమీ రాయరా?"
"బౌలరు గడిలో చుక్క పెడతారు."

చూశాను. చుక్కలు, చుక్కలు, చీమలబారు.
ఆ ఒక్క వేసవి ఇంగ్లండులో ఓవరుకి ఎనిమిది బంతులట.
గడి తర్వాత గడి, ఎనిమిదేసి చుక్కలు.

నా వేలు దానంతటదే బల్లమీద కొట్టింది.
మా మోర్స్‌లో ఎనిమిది చుక్కలు వరసగా వస్తే
ఇందాకటి మాట తప్పు, కొట్టెయ్యి,
సరైనది పంపుతున్నాను, అని.

విబ్లిన్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.
నేను పెన్సిలు తీసి పట్టుకుని కూర్చున్నాను.