గడియారం దిక్కు

మొదట్లో ఇంట్లో తాళంచేతులన్నీ ఆమె పిడికిట్లోకే పోయేవి.
బీరువాది, సైకిల్‌ది,
ఎదురింటి సుంకులమ్మ ట్రంకుపెట్టెది గూడా.
ఇనుము పట్టిస్తే మూర్ఛ దిగుతాదని
బేతంచెర్లలో మా వీధి వీధంతా నమ్మిన కాలం.
ఒకరు ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కుకాడ పెడతారు,
ఒకరు చెప్పు తెస్తారు.
నేను నాపరాయి పొడి చేతుల్తో నిలబడి ఉంటా, తెల్లగా,
పాలిష్ మిషన్ ఆపకుండానే ఉరికొచ్చినోణ్ణి.

కర్నూలు పెద్దాసుపత్రిలో మా వంతు వచ్చేతలికి మధ్యాన్నమైంది.
డాక్టరుకు కండ్ల కింద నిద్ర లేదు.
"తాళాలు తలుపులకు పెట్టుకోప్పా," అన్నాడు.
"పక్కకు తిప్పి పండబెట్టు. నోట్లో ఏమీ కుక్కొద్దు.
గడియారం చూడు.
ఐదు నిమిషాలు దాటితే నూటెనిమిదికి కొట్టు."

మాత్ర పేరు లెవెటిరాసెటం.
మాకు నోరు తిరగల్యా.
దస్తగిరమ్మ రెండు దినాలు ఆ పేరును నమిలి చూసి
"లేవే మాత్ర" అనేసింది.
"నేను పడితే నువ్వు పిలిచేది అదే గదా,
లేవే, లేవే అని."

ఒక ఏడు
ఊరిబయట గుడారమేసిన వేర్ల మందాయన
నలభై దినాలు మాత్రలు మానితేనే నా మందు పారుతాదన్నాడు.
పదకొండో దినం
నేను చెప్పను.
అర్ధరాత్రి అంబులెన్సు అద్దంలోంచి
ఓర్వకల్లు రాళ్ళు నల్లగా కుచ్చోని
మమ్మల్నే చూస్తాండాయి, అంతే చెప్తా.

డాక్టరు తిట్టలేదు. తిట్టుంటే బాగుండు.
"దర్గాలో కట్టిన తాయెత్తా? ఉండనీ, దానికేం బరువు.
మీ అత్త నూరిచ్చే సరస్వతాకు పసరు మాత్రం
నన్నడగకుండా తాపొద్దు.
మాత్ర ఆపేది నీ ఇష్టం కాదు, ఆమె ఇష్టమూ కాదు.
ఇప్పటికైతే నాది గూడా కాదు."

అప్పట్నుంచి పొద్దున్నే ఇద్దరం చాపమీద.
ఆయుష్ మేడమ్ నేర్పిన ఊపిరి.
నాలుగు లెక్కపెట్టేదాకా లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి.
ఆమెది నూలుపోగు మాదిరి సాగుతాది.
నాకు మూడుకే దగ్గు.
ఎవరికి రోగమో తెలీకుండా నవ్వుతాది.

పీర్ల పండగకు గుండం కాడ
డప్పు మోగేటప్పుడు ఆమె కాళ్ళు ఆగవు.
అయినా పది కొట్టేలోపల చెయ్యి పట్టుకోని ఇంటికి.
నిద్ర గూడా మందే అని డాక్టరు మాట.
దారంతా నాతో మాట్లాడదు.
గోడవతలి నుంచి డప్పు తెల్లార్లూ వినపడతాది,
ఆమె మేలుకోనే ఉందని నాకు తెలుసు,
నేను మేలుకోని ఉన్నానని ఆమెకు తెలుసు.

పొయ్యికాడ నేనే.
మంట ముందర ఆమెను ఒంటిగా ఉంచను.
జొన్నరొట్టె తట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.
రాయి నునుపు చేసిన చెయ్యికి పిండి మాట వినదు.
అంచులు పగిలి నెర్రెలిచ్చిన చేను మాదిరి వచ్చేది,
ఆమె అట్లే తినేది, ఉల్లిగడ్డ నంచుకోని.
ఉల్లిగడ్డ ఇప్పుడు దానికే.

నిన్న రాత్రి.
క్యాలెండర్లో ఎర్ర పెన్సిలు గీత పడి అరవై రెండు దినాలు.
రొట్టె పెనం మీద ఉండాది.
గడపలో కుచ్చోని అడిగింది, నా దిక్కు చూడకుండా,

"అందరూ చూసినారు. నేనొక్కదాన్నే చూడల్యా.
అప్పుడు నేను ఎట్ల ఉంటా?"

పదకొండేండ్లు.
తిరగబడే కండ్లు, నురగ, బిగుసుకునే వేళ్ళు
అన్నీ చెప్పొచ్చు అనుకున్నా.
తీరా చూస్తే నా దగ్గర ఏమీ లేదు.
"నాకు తెలీదు మే," అన్నా.
"నేను గడియారం చూస్తాంటా.
తొంభై, తొంభై ఒకటి, తొంభై రెండు...
నీ మొగం చూస్తే లెక్క తప్పుతాదని."

చానాసేపు ఏమీ అనలేదు.
ఎనిమిదికి ఫోన్ మోగింది.
మాత్ర నోట్లో వేసుకోని, నీళ్ళు తాగి,
చెంబు కింద పెట్టి,

"సరేలే," అంది,
"రొట్టె మాడుతాంది. అది చూడు."