ఎడమ మూల మనిషి

తిరుపతి బస్టాండుకు ఎదురుగా
చెప్పుల అంగడి పైన మిద్దెలో మా ఆటల గది.
టోకెను పది రూపాయలు.
చిల్లర నా చేతిలో, తాళాలు గజేంద్రన్న మొలతాట్లో.
కారు రేసు చెడిపోయింది, తుపాకి ఆటకు తుపాకి లేదు,
మిగిలింది ఇదొకటే,
ఈడ ఎవరూ ఆడి ఎరగని బేస్‌బాల్.

అందరూ క్రికెట్ అనుకునే వస్తారు.
"వికెట్లు ఏడక్కా?" అంటారు.
వికెట్లు లేవు నాయనా, గుండ్రటి కట్టె ఉండాది.
కొట్టు, ఉరుకు, బయల్దేరిన చోటికే మళ్ళా రా.
ఆరేండ్లుగా ఈ స్టూలు మీద కూర్చుని
నేను నేర్చుకున్న రూల్సు అంతే.

మంచి చెప్పాలంటే ముందు ఆ శబ్దం.
బంతి సరిగ్గా తగిలిందా,
టెంకాయ బండ మీద పగిలినట్టు ఠక్!
కింద చెప్పులు బేరమాడేవాళ్ళు కూడా తలెత్తుతారు.
రెండే మీటలు, ఒకటి కొట్టను, ఒకటి ఉరకను.
గుండు మీద గంధం ఆరని పిల్లోడికైనా
నాలుగు బంతుల్లో చేతికి వచ్చేస్తుంది.
ఆట పన్నెండు నిమిషాలు,
పీలేరు బస్సు ఆలస్యానికి కొలిచి కుట్టినట్టు.
ఇంకోటి, తెర మీద అందరికీ టోపీలే.
కొండ దిగొచ్చిన పిల్లోళ్ళకీ టోపీలే.
ఆ కాసేపూ అద్దానికి అవతల ఎవరో
ఇవతల ఎవరో నాకు తెలీదు.

చెడ్డ కూడా చెప్పాల, దీని ఉప్పే తింటా ఉండా కాబట్టి.
వాళ్ళకి చెమట పట్టదు. గుడ్డలకు మన్ను అంటదు.
అంపైరుతో పోట్లాడదామంటే
వాడికి చెవులే గియ్యలేదు.
నువ్వు నాలుగు పరుగులు ముందుంటే చాలు,
అంతసేపూ తూగినోడికి ఆఖర్లో
గంగజాతర వేషగాడి మాదిరి పూనకం వచ్చేస్తుంది,
వరసగా బాదేస్తాడు.
అది ఆట కాదు, వారం వడ్డీ.
ఇచ్చినట్టే ఇచ్చి ఇంటికొచ్చి తీసుకుంటుంది.

ఇంక ఎడమ మూల నిలబడే మనిషి.
బంతి వాడివైపు పోతే
వాడు ఆకాశం చూస్తాడు.
మునిరత్నం వచ్చి, వెనకాల అట్ట విప్పి, దుమ్ము ఊది,
"వీడి బుర్రలోనే తప్పు, మనం చేసేదేం లేదు" అని
టీ తాగి పోయినాడు.
తెలిసినోళ్ళంతా వాడి నెత్తి మీదికే కొడతారు.
నాకు మాత్రం వాడంటే రోంత జాలి.
మా చిన్నమామ ఎమ్మార్వో ఆఫీసులో
అట్టనే నిలబడేవాడు, చేతిలో అర్జీ పట్టుకుని.

మొన్న శనివారం.
సదుం పిల్లోడు లోహిత్, కొత్త గుండు,
ఒక్క పరుగు వెనకబడి ఉండాడు,
రెండు అవుట్లు, మూడు బేసుల మీదా మనుషులు.
మెట్ల కింద నుంచి వాళ్ళమ్మ,
"బస్సొచ్చె, దిగతావా లేదా!"
మీట వదిలి, టోపీ మిషన్ మీదే మరిచి,
దడదడా దిగిపోయినాడు.

తెర మీద ముగ్గురు
ఒంటికి పోవాల్సినోళ్ళ మాదిరి
కాలు మార్చి కాలు మీద గెంతులేస్తా ఉండారు.
వాళ్ళను ఇంటికి చేర్చే దిక్కు లేదు.
ఈ మిషన్‌కి కాచుకోవడం రాదు, పది లెక్కబెట్టి
బంతి వేసేస్తుంది.
లేచినా.
ఆరేండ్లలో మొదటిసారి మీట మీద వేలు పెట్టినా.
ఠక్.
ఎడమ మూలకి. తెలిసే కొట్టినా.

వాడు ఆకాశం చూసినాడు.
చూసి, ఉరికినాడు.
వెనక్కి, గోడదాకా,
బొక్కబోర్లా పడి
పట్టేసినాడు.

ఫోన్లో చెప్తే మునిరత్నం,
"ఏదో వైరు కదిలుంటుంది, రేపొచ్చి సరిచేస్తా" అన్నాడు.
వొద్దులే అన్నా, అన్నా.

టోపీ గల్లాపెట్టెలో పెట్టుండా,
చిల్లరకంతా గంధం వాసన.
పిల్లోడు మళ్ళా మొక్కుకొస్తే ఇస్తా.
ఆట ఏమైందక్కా అంటే మాత్రం
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.